ప్రాగ్‌లో 72 గంటల టికెట్టు: నలుగురు కలిసి పోతే గిట్టుబాటేనా?

చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో పర్యాటకుడికి అంటగట్టడానికి పాసులు, ప్యాకేజీలు, రంగురంగుల బస్సులు బోలెడు ఉన్నాయి. వాటన్నిటిలో చవకైనదీ, నిజంగా పనికొచ్చేదీ ఆ ఊరి జనం రోజూ వాడుకునే సిటీ టికెట్టే. ఒకసారి ముద్ర పడితే 72 గంటలపాటు మెట్రో, ట్రామ్, బస్సు, ఊరి లోపల తిరిగే లోకల్ రైళ్లు, వల్తావా నది దాటించే చిన్న పడవలు అన్నిటికీ అదొక్కటే చాలు. హైదరాబాదు సిటీ బస్సుల్లో ట్రావెల్ యాజ్ యు లైక్ టికెట్టు వాడినవాళ్లకు సంగతి చిటికెలో అర్థమవుతుంది. ఒకటే తేడా, ఇక్కడ కండక్టరు ఉండడు, మెట్రోలో గేటు ఉండదు, ఎక్కేటప్పుడు టికెట్టేదని అడిగే నాథుడే ఉండడు. అడిగిన రోజున మాత్రం సాకులేవీ చెల్లవు.

అనంతపురం, కర్నూలు, కడప నుంచి స్నేహితులు నలుగురైదుగురు కలిసి మొదటిసారి ప్రాగ్ చూడటానికి పోతుంటే ఈ టికెట్టు కొనాలా, ఎప్పుడు కొనకూడదు, కొన్నాక ఎక్కడ దెబ్బతింటారు అన్నది ఇక్కడ చెప్పదలచుకున్నది. తీర్పు ముందే చెప్పేస్తే, పూర్తిగా మూడు రోజులు ఉండేవాళ్లకు అయిదుకు నాలుగున్నర మార్కులు. రెండు రోజులకే పోయేవాళ్లకు ఇది దండగ.

ముందు లెక్క చూద్దాం. 2025 దాకా ఉన్న ధరల ప్రకారం 30 నిమిషాల టికెట్టు 30 కొరునాలు, 90 నిమిషాలది 40, 24 గంటలది 120, 72 గంటలది 330. 2026 జనవరి నుంచి కొంచెం పెంచారు కాబట్టి పోయేముందు తాజా ధర చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. కొరునా అంటే మనకు నాలుగు రూపాయల చుట్టుపక్కల, అంటే మనిషికి మూడు రోజులకు సుమారు 1,300 రూపాయలు. ఆ పాత ధరల్లో 24 గంటల టికెట్లు మూడు కొంటే 360, అదే 72 గంటలది 330. మిగిలేది 30 కొరునాలే. రెండు రోజులకైతే 24 గంటలవి రెండు కొంటే 240తో పోతుంది, రెండున్నర రోజులకు దానిమీద 30 నిమిషాలవి ఒకటో రెండో కలిపినా 300 దాటదు. అందుకే 72 గంటలది కొనేది మూడో రోజు కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా తిరుగుతామని గట్టిగా అనుకున్నప్పుడే. 90 నిమిషాల టికెట్లతో పోలిస్తే తొమ్మిదో ప్రయాణానికి డబ్బు తిరిగి వచ్చినట్టు. రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగే ఊళ్లో ఆ తొమ్మిది రెండో రోజు సాయంత్రానికే అయిపోతాయి. గుంపుకు తగ్గింపు లేదు, నలుగురికీ నాలుగు టికెట్లు కొనాల్సిందే.

అసలు లాభం టికెట్టు ధరలో కాదు, గది అద్దెలో ఉంది. పాతపట్నం చౌరస్తా చుట్టుపక్కల గది కావాలంటే చేతి చమురు వదులుతుంది. అదే జిజ్కోవ్, స్మీఖోవ్, హోలెషోవిట్సె, వినోహ్రాదీ లాంటి పేటల్లో దిగితే నలుగురికి సరిపడా రెండు పడకగదుల ఇల్లు అందుబాటు ధరలో దొరుకుతుంది, అక్కడి నుంచి మధ్య ఊరికి ట్రామ్‌లో పది పదిహేను నిమిషాలు. గది చూసుకునేటప్పుడు చౌరస్తాకు ఎన్ని కిలోమీటర్లని కాకుండా ట్రామ్ స్టాపుకు ఎన్ని అడుగులని చూడండి. ఒకవేళ ఇప్పటికే పాతపట్నంలో గది తీసేసుకుని ఉంటే ఈ టికెట్టు మీకు అక్కర్లేదు. అక్కడి నుంచి ఖగోళ గడియారం, చార్లెస్ వంతెన, యూదుల పేట అన్నీ నడిచే దూరమే, ప్రాగ్ కోటకు పోయే రోజున ఒక 30 నిమిషాల టికెట్టు చాలు.

ఇక ముద్ర సంగతి. నూటికి తొంభై తిప్పలు ఇక్కడే.

కాగితపు టికెట్టు మెట్రో స్టేషన్ల మెషీన్లలో, విమానాశ్రయంలో, పత్రికలూ సిగరెట్లూ అమ్మే చిన్న దుకాణాల్లో దొరుకుతుంది. కొన్నంత మాత్రాన అది చెల్లదు. మెట్రోలోకి దిగేచోట నడుమెత్తు స్తంభాల మీద పసుపురంగు చిన్న డబ్బాలుంటాయి, ట్రామ్‌లోనూ బస్సులోనూ కమ్మీలకు తగిలించి ఉంటాయి. టికెట్టు మీద బాణం గుర్తు ఏ కొన వైపు ఉందో ఆ కొనను డబ్బా నోట్లో పెట్టి చివరిదాకా తోయాలి. బర్రుమని చిన్న చప్పుడు వస్తుంది. తీసి చూస్తే తేదీ, సమయం, స్టేషన్ గుర్తు వరసగా అచ్చుపడి ఉంటాయి. అచ్చు పడిందో లేదో ప్రతి ఒక్కరూ తమ టికెట్టు కళ్లతో చూసుకోవాలి. సిరా అయిపోయిన డబ్బాలూ ఉంటాయి, అలాంటప్పుడు పక్క డబ్బాలో పెట్టండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు రకాలు. అసలు ముద్రే వేయకపోవడం మొదటిది. గేటు లేదు కాబట్టి మెట్లు దిగి రైలెక్కేస్తారు, జేబులో టికెట్టు ఉంది కదా అనుకుంటారు. తనిఖీవాళ్ల లెక్కలో అది టికెట్టు లేనట్టే. రెండోది, ఎక్కిన ప్రతిసారీ ముద్ర వేయడం. మొదటి ముద్ర మీద రెండోది పడితే ఏ సమయమూ చదవడానికి రాదు, టికెట్టు చెల్లకుండా పోతుంది. ముద్ర ఒక్కసారే, మొదటి ప్రయాణానికే. మూడోది, ట్రామ్‌లో కార్డు తగిలించి కొన్న టికెట్టును మళ్లీ పసుపు డబ్బాలో పెట్టడం. ట్రామ్‌ల మధ్య తలుపు దగ్గర కార్డు యంత్రం ఉంటుంది, దానిలో కొన్న క్షణం నుంచే సమయం మొదలవుతుంది, ముద్ర అక్కర్లేదు.

ఆ ఊరి రవాణా సంస్థల యాప్ పేరు పిద్ లీతాచ్కా. కాగితం పారేసుకునే అలవాటు ఉన్నవాళ్లకు అదే మేలు. కాకపోతే కొనడం వేరు, మొదలుపెట్టడం వేరు. ఎక్కడానికి ముందే మొదలుపెట్టు బటన్ నొక్కాలి, నొక్కిన క్షణంలోనే అది చెల్లుబాటులోకి రాదు, కాసేపు వెనక్కు లెక్కపెడుతుంది. తనిఖీదారు కనబడ్డాక నొక్కేవాళ్ల కోసమే ఆ ఏర్పాటు. ఇంకో మాట, నలుగురి టికెట్లూ ఒకరి ఫోనులోనే ఉంచుకోకండి. ఆ ఫోను చార్జి అయిపోయినా, ఆ మనిషి ముందు ట్రామ్‌లో పోయినా మిగతా ముగ్గురూ టికెట్టు లేనివాళ్లే. ఎవరి టికెట్టు వాళ్ల దగ్గర ఉండాలి.

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. ఊరు కదలకముందే బ్యాంకు యాప్‌లో తెరిచిపెట్టుకుని, కార్డు తగిలించి చెల్లించే సౌకర్యం కూడా ఆన్ చేసుకోండి. టికెట్టు మెషీన్ దగ్గర వెనకాల పదిమంది నిలబడినప్పుడు ఓటీపీ కోసం ఎదురుచూడటం కంటే నరకం లేదు. అందుకని కనీసం ఇద్దరి కార్డులైనా సిద్ధంగా ఉండాలి.

72 గంటలంటే నిమిషంతో సహా లెక్క, మూడు తేదీలని కాదు. గురువారం సాయంత్రం 4:10కి ముద్ర వేస్తే ఆదివారం సాయంత్రం 4:10 దాకా చెల్లుతుంది. ఆ గడువు ట్రామ్ ఎక్కే సమయానికి కాదు, దిగే సమయానికి. దీన్ని బట్టి ఒక చిన్న ఉపాయం ఉంది. మన వైపు నుంచి బెంగుళూరులో తెల్లవారుజామున విమానమెక్కితే మధ్యలో ఒకచోట మారి అదే రోజు మధ్యాహ్నమో సాయంత్రమో ప్రాగ్‌లో దిగడం మామూలు. అక్కడ గడియారం మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక. దిగిన సాయంత్రం ఒళ్లు అలసి ఎలాగూ ఎక్కువ తిరగరు. ఆ పూటకు 90 నిమిషాల టికెట్టుతో గదికి చేరుకుని, 72 గంటలదానికి మర్నాడు పొద్దున ముద్ర వేయండి. శుక్రవారం పొద్దున 8 గంటలకు వేస్తే సోమవారం పొద్దున 8 దాకా నడుస్తుంది, తిరుగు ప్రయాణం అంతకుముందే అయితే విమానాశ్రయం దాకా అదే మోసుకెళ్తుంది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి 59 నంబరు ట్రాలీబస్సు ఉంది. 2024 మార్చిలో పాత 119 నంబరు బస్సు స్థానంలో వచ్చింది. 24 మీటర్ల పొడవు, మూడు ముక్కలుగా వంగే బండి, సామానుతో నలుగురు ఎక్కినా ఇబ్బంది ఉండదు. నాద్రజీ వెలెస్లవీన్‌లో దిగితే కిందనే ఆకుపచ్చ రంగు ఏ లైను మెట్రో. మొత్తం 40, 45 నిమిషాల్లో ఊరి నడుమ ఉంటారు. స్మీఖోవ్ వైపు గది ఉంటే 100 నంబరు బస్సులో జ్లిచీన్ పోయి పసుపు రంగు బి లైను పట్టుకోవడం సులువు. విమానాశ్రయం దగ్గరే ఏఈ అని రాసుకుని నేరుగా ప్రధాన రైల్వే స్టేషనుకు పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు నిలబడి ఉంటుంది. దానిలో ఈ టికెట్టు చెల్లదు, వేరే కొనాలి. పెట్టెలతో కంగారులో చాలామంది ఎక్కేది దాన్నే.

ఇప్పుడు టికెట్టు చేతిలో ఉంది, దాన్ని పిండుకోవడం ఎలా? మొదట గుర్తుపెట్టుకోవాల్సిన నంబరు 22. ఈ ట్రామ్ వినోహ్రాదీ వైపు నుంచి నామ్నెస్తీ మీరు, జాతీయ నాటకశాల, నది, చిన్నపేట అని చెప్పుకోదగ్గ మాలా స్ట్రానా, కోట గుట్ట అన్నిటినీ కలుపుకుంటూ పోతుంది. పర్యాటక బస్సులు ఒక్క రోజుకే మన మూడు రోజుల టికెట్టు కంటే ఎక్కువ తీసుకుని చూపించేదాంట్లో సగానికి పైగా ఇది చూపిస్తుంది, పైగా పాతపట్నం సందుల్లోకి ఆ బస్సులూ పోలేవు. 22లో ఒకటే లోటు, దీని సంగతి జేబుదొంగలకు కూడా తెలుసు. మధ్యాహ్నం పూట కిక్కిరిసి ఉంటుంది, తలుపు దగ్గర బ్యాగు వీపుకు తగిలించుకుని నిలబడకండి, ముందుకు తిప్పుకోండి.

కోటకు పోయే దారి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గుంపులు అలసిపోయేదీ, ఒకరిమీద ఒకరు చిరాకు పడేదీ ఇక్కడే. అందరూ చేసేది మాలోస్త్రాన్‌స్కా మెట్రోలో దిగి మెట్లెక్కడం. ఎండలో ఆ మెట్లెక్కి పైకి చేరేసరికి సగం ప్రాణం పోతుంది. దాని బదులు మాలోస్త్రాన్‌స్కా దగ్గర బయటికొచ్చి 22 ఎక్కండి. అది గుట్టను చుట్టుకుంటూ మలుపులు తిరిగి పైకి తీసుకెళ్తుంది. ప్రాజ్‌స్కీ హ్రాద్ అనే స్టాపులో దిగితే నాలుగు నిమిషాల నడకలో కోట ఉత్తర ద్వారం. అంతకంటే మంచిది, ఇంకో రెండు స్టాపులు ముందుకెళ్లి పోహోర్జెలెట్స్‌లో దిగడం. అది కోటకంటే ఎత్తు. అక్కడి నుంచి స్త్రాహోవ్ మఠం, లోరెతా గుడి చూసుకుంటూ దిగువకు నడిస్తే కోట ముందు చౌరస్తాకు వస్తారు, ఒక్క మెట్టూ ఎక్కక్కర్లేదు. చూడటం అయ్యాక తూర్పు ద్వారం గుండా పాత కోట మెట్ల మీదుగా దిగండి. మెట్లు ఎక్కడానికి కాదు, దిగడానికి వాడుకోవాలి. కింద చేరేది మళ్లీ మాలోస్త్రాన్‌స్కాకే.

కోట ఆవరణలో తిరగడానికి డబ్బులేం అక్కర్లేదు, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా తెరిచే ఉంటుంది. లోపలి భవనాలకు వేరే టికెట్టు కొనాలి, దానికీ మన సిటీ టికెట్టుకూ సంబంధం లేదు. ప్రధాన టికెట్టులో సెయింట్ వీటస్ ప్రార్థనాలయం, పాత రాజభవనం, సెయింట్ జార్జి బసిలికా, బంగారు సందు వస్తాయి, రెండు రోజులు చెల్లుతుంది. వీటస్ ప్రార్థనాలయం పునాది 1344లో పడితే పని ముగిసింది 1929లో. లోపల చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ దగ్గర పొద్దున వెలుతురు బాగుంటుంది. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, సందర్శకులను మధ్యాహ్నం 12 తర్వాతే వదులుతారు. ఆదివారం పొద్దున్నే కోట అని కార్యక్రమం వేసుకుంటే పూట దండగ. రాజభవనంలో 1618లో రాజప్రతినిధులను బయటికి విసిరేసిన కిటికీ ఉంది, ముప్పయ్యేళ్ల యుద్ధానికి నాంది అదే. డబ్బు చూసుకునేవాళ్లకు ఇంకో దారి, లోపలి భవనాలు మూసేశాక సాయంత్రం బంగారు సందులో ఊరికే నడవొచ్చు. ఇళ్లలోకి పోలేరు గానీ 22 నంబరు ఇల్లు బయటినుంచి కనిపిస్తుంది. 1916, 17 ప్రాంతంలో రచయిత కాఫ్కా కూర్చుని రాసుకున్నది అందులోనే. ట్రామ్‌ది 22, ఇంటిది 22, గుర్తుపెట్టుకోవడానికి బాగుంది.

పాత ట్రామ్ ఎక్కి ఫొటోలు దిగాలనే సరదా ఉంటే నంబర్లు జాగ్రత్త. 42 అని పాతకాలపు బండి పర్యాటకుల కోసం నడుపుతారు, దానికి వేరే టికెట్టు. 23 మీద కూడా పాత టాట్రా టీ3 బండ్లే తిరుగుతాయి, వాటిలో మాత్రం మన టికెట్టు చెల్లుతుంది. గుండ్రటి మూతి, ఎరుపూ మీగడ రంగూ, గట్టి సీట్లు, బ్రేకు వేస్తే కుదుపు. స్మీఖోవ్‌లోని కర్మాగారం నుంచి ఈ రకం బండ్లు 13 వేలకు పైగా బయటికొచ్చాయి. 23 కూడా కోట గుట్ట మీదుగా, నాటకశాల మీదుగానే పోతుంది కాబట్టి 22 బదులు 23 వచ్చినప్పుడు ఎక్కేస్తే సరి. వేసవిలో ఏసీ ఉండదు. అనంతపురం ఎండ చూసినవాళ్లకు అదొక లెక్క కాదనుకోండి.

నది వెంట పోయేది 17. డాన్సింగ్ హౌస్ అని పిలిచే వంకరటింకర భవనం, నాటకశాల, వంతెన కొన ఇవన్నీ దాని దారిలోనే. ఫ్రాంక్ గేరీ, వ్లాదో మిలునిచ్ అనే వాస్తుశిల్పులు కలిసి రూపొందించిన ఆ భవనం 1996లో పూర్తయింది. దానికోసం దిగక్కర్లేదు, కిటికీలోంచి చూసినంత చాలు. దిగాల్సింది కార్లోవీ లాజ్నే దగ్గర, చార్లెస్ వంతెన పాతపట్నం కొన అక్కడే. వంతెన పొడవు 516 మీటర్లు, కమానులు 16, విగ్రహాలు 30, అసలువి చాలామటుకు భద్రపరిచి ఇక్కడ నకళ్లు పెట్టారు. రాజు నాలుగో చార్లెస్ 1357లో మొదలుపెట్టించాడు. దాని మీద వాహనాలేవీ పోవు, అవతలి కొనకు నడిచి మాలోస్త్రాన్‌స్కే నామ్నెస్తీలో మళ్లీ 22 పట్టుకోవడమే. పొద్దున 10 నుంచి చీకటి పడేదాకా జనం భుజాలు రాసుకుంటూ నడుస్తారు, నలుగురూ కలిసి ఒక ఫొటోలో పడటం కల్ల. సూర్యోదయం వేళకు పోండి. అంత పొద్దున ట్రామ్ ఉంటుందా అనే అనుమానం వద్దు, ట్రామ్‌లు రాత్రంతా నడుస్తాయి.

ఈ టికెట్టు చేతిలో ఉన్నవాళ్లకు అదనంగా దొరికేవి రెండు. ఎరుపు రంగు సి లైను మెట్రోలో విషెహ్రాద్. పాత కోటగోడల మీద నడుస్తుంటే కింద నది కనిపిస్తుంది, ద్వొర్జాక్, స్మెతానా లాంటి సంగీతకారుల సమాధులు అక్కడి శ్మశానంలోనే ఉన్నాయి, ప్రవేశం ఉచితం. కిందికి దిగి వీతోన్ స్టాపులో 17 ఎక్కితే తిరిగి ఊళ్లోకి. రెండోది లెత్నా గుట్ట. వరసగా వంతెనలన్నీ ఒకేసారి కనిపించే చోటు అదే. అక్కడ ఊగే పెద్ద మెట్రోనోమ్ (సంగీతంలో తాళం కొలిచే పరికరం) ఉన్న దిమ్మె మీద ఒకప్పుడు స్టాలిన్ విగ్రహం ఉండేది, 1955లో నిలబెట్టి 1962లో పేల్చేశారు. పెత్రిన్ గుట్ట ఎక్కే ఫ్యునిక్యులర్, అంటే తాడుతో లాగే పట్టాల బండి కూడా ఈ టికెట్టు మీద ఎక్కొచ్చని పాత సమాచారంలో కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో దాన్ని పునర్నిర్మాణానికి ఆపేశారు కాబట్టి నడుస్తోందని తేల్చుకున్నాకే నమ్ముకోండి. నడవకపోయినా పరవాలేదు, స్త్రాహోవ్ మఠం నుంచి పెత్రిన్ బురుజు దాకా పెద్దగా ఎక్కుడు లేని బాట ఉంది.

పాతపట్నం చౌరస్తాకు ఏ ట్రామూ రాదు. ఆకుపచ్చ రంగు ఏ లైను మెట్రోలో స్తారొమ్నెస్ట్‌స్కా దగ్గర దిగి అయిదు నిమిషాలు నడవాలి. 1410 నాటి ఖగోళ గడియారంలో పొద్దున 9 నుంచి రాత్రి 11 దాకా గంట గంటకూ బొమ్మలు తిరుగుతాయి, ఆ తంతు నిమిషం కూడా ఉండదు. అరగంట ముందే పోయి జనంలో నిలబడటం అనవసరం, అయిదు నిమిషాల ముందు చాలు, చేతులు జేబుల మీద ఉంచుకుని. యూదుల పేటలో 1270 ప్రాంతం నాటి పాతకొత్త సినగాగ్ అనే యూదుల ప్రార్థనాలయాన్ని శనివారం మూసేస్తారు. కాబట్టి శనివారం కోట, ఆదివారం యూదుల పేట అని వేసుకుంటే రెండూ దక్కుతాయి.

నేలంతా చిన్న చిన్న రాళ్లు పరిచి ఉంటుంది. చెప్పులతో, గట్టి అట్టలున్న కొత్త బూట్లతో పోతే రెండో రోజుకు ఎవరో ఒకరు కుంటడం ఖాయం. చక్రాల పెట్టెలు కూడా ఆ రాళ్ల మీద మొరాయిస్తాయి.

ట్రామ్‌ల దగ్గర ప్రాణం మీదికొచ్చే విషయం ఒకటుంది. అక్కడ జీబ్రా క్రాసింగ్ దగ్గర కార్లు ఆగుతాయి, ట్రామ్ ఆగదు. చట్టం ప్రకారమే పాదచారి కంటే ట్రామ్‌కు ముందు హక్కు. ఫోను చూస్తూ, నలుగురూ మాట్లాడుకుంటూ కార్లు ఆగాయి కదా అని దాటేస్తే పట్టాల మీద చిక్కుకుంటారు. తలుపులు చాలా బండ్లలో వాటంతటవి తెరుచుకోవు, పక్కనున్న బటన్ నొక్కాలి. మెట్రో ఎస్కలేటర్లు మన మాల్స్‌లోవాటికంటే వేగంగా పోతాయి. నామ్నెస్తీ మీరు స్టేషన్ నేలకింద 53 మీటర్ల లోతు, దాని ఎస్కలేటర్ 87 మీటర్లు. కుడివైపు నిలబడండి, ఎడమ వైపు హడావుడిగా పోయేవాళ్లకు వదలండి. నలుగురు పక్కపక్కన నిలబడితే వెనకనుంచి గసుర్లు తప్పవు.

మెట్రో అర్ధరాత్రికి ఆగిపోతుంది, శుక్ర, శనివారాల్లో మరో గంట నడుస్తుంది. తర్వాత 90 నుంచి 99 దాకా నంబర్లున్న రాత్రి ట్రామ్‌లు, ఇంచుమించు అరగంటకొకటి. అవన్నీ లజార్స్కా అనే కూడలిలో కలుస్తాయి, ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. ఎక్కడ దారి తప్పినా లజార్స్కా చేరితే గదికి చేరినట్టే. అంత ఓపిక లేనప్పుడు నలుగురూ పంచుకుంటే యాప్ టాక్సీ కూడా భారం కాదు. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపే టాక్సీ మాత్రం వద్దు.

తనిఖీవాళ్లు మామూలు దుస్తుల్లోనే ఉంటారు, దగ్గరికొచ్చి బిళ్ల చూపిస్తారు. జరిమానా వెయ్యి కొరునాలకు తక్కువ ఉండదు, పర్యాటకులమని చెప్పినా వినరు. బిళ్ల చూపించనివాడికి డబ్బు ఇవ్వకండి, చూపించినవాడితో వాదించకండి. మెట్రోలో వాళ్లు నిలబడేది పసుపు డబ్బాలు దాటిన వెంటనే, మెట్ల కింద. డబ్బా దాటిన క్షణం నుంచే టికెట్టు ఉండాలన్నది నియమం, రైలెక్కాక వేసుకుంటామంటే కుదరదు.

డబ్బు మార్పిడి గురించి రెండు ముక్కలు. మన ఊళ్లలో కొరునాలు దొరకడం కష్టం, యూరోలు తీసుకెళ్లి అక్కడ మార్చేవాళ్లే ఎక్కువ. వీధిలో మంచి రేటిస్తానని దగ్గరికొచ్చేవాడు చేతిలో పెట్టేది చెల్లని బెలారస్ రూబుళ్లో, విలువ తక్కువ హంగేరీ ఫోరింట్లో అయ్యే ప్రమాదం ఉంది. దుకాణంలో మార్చినా రసీదు దాచుకోండి. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న చట్టం ప్రకారం వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. ఏటీఎం రూపాయల్లో లెక్క కట్టమంటావా అని అడిగితే వద్దని చెప్పి కొరునాల్లోనే తీసుకోండి. చౌరస్తా బండ్ల మీద కాల్చిన పంది మాంసానికి రాసి ఉండేది 100 గ్రాముల ధర, వాళ్లు కోసేది అంతకు రెండు మూడు రెట్లు. శాకాహారులకు ఎక్కడైనా దొరికేది స్మజెనీ సీర్, వేయించిన చీజ్ ముక్క. రెండు పూటలు తింటే మొహం మొత్తుతుంది, శెనక్కాయల పొడి, పుట్నాల పొడి వెంట ఉంటే ఆదుకుంటాయి. నాటుకోడి పచ్చడి, పాలకోవా, నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు.

గుంపు విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఆ ఊరి జనం కూడా వాడేది వాత్స్లావ్ చౌరస్తా పైకొసన ఉన్న గుర్రం విగ్రహం. ఏ, సి లైన్లు కలిసే ముజేఉమ్ స్టేషన్ దానికిందే ఉంది కాబట్టి ఎవరెక్కడున్నా ఒకే టికెట్టుతో అక్కడికి చేరొచ్చు. ఊరి బయట కార్ల్‌స్టెయిన్ కోటకు, కుత్నా హోరా ఎముకల గుడికి మాత్రం ఈ టికెట్టు చాలదు, రైలు టికెట్టు విడిగా తీసుకోవాలి. వేసవిలో పట్టాల మరమ్మతుల వల్ల ట్రామ్ దారులు తరచూ మారుతుంటాయి, 22 కూడా. స్టాపులో అంటించిన నోటీసు చూడకుండా పాత పటం నమ్ముకుంటే వేరే పేటలో తేలతారు. ఆ అర మార్కు కోసింది దీనికే.

పోయేదారి గురించి చివరగా. అనంతపురంవాళ్లకు 44వ నంబరు జాతీయ రహదారి మీద దేవనహళ్లి విమానాశ్రయం బెంగుళూరు ఊళ్లోకి పోకముందే వస్తుంది. కర్నూలువాళ్లకు అదే రోడ్డు మీద ఎదురుదిక్కున శంషాబాద్ కూడా హైదరాబాదుకు ముందే. ఈ రెండుచోట్ల నుంచీ ప్రాగ్‌కు నేరుగా విమానం లేదు. తిరుగు ప్రయాణంలో దుబాయో దోహానో మీదుగా వస్తుంటే 59 ట్రాలీబస్సులోంచి టెర్మినల్ 1 దగ్గర దిగాలి, ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నా లాంటి షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) ఊళ్ల మీదుగా అయితే టెర్మినల్ 2. రెండిటి మధ్యా నడక కొద్ది నిమిషాలే గానీ 72 గంటల గడువు ఆ దారిలోనే తీరిపోయేట్టుంటే వెలెస్లవీన్‌లో ట్రాలీబస్సు ఎక్కకముందే 30 నిమిషాల టికెట్టు ఒకటి తీసుకుని ముద్ర వేయండి.